నేనెవర్ని, చెప్పు?

2025 ఏప్రిల్‌లో ఒక హెల్మెట్ ఫొటో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. జాకీ స్టీవర్ట్ హెల్మెట్ అది. మూడుసార్లు ఫార్ములా వన్ కారు రేసుల్లో ప్రపంచ చాంపియన్ అయిన పెద్దాయన. భార్యకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, రావడంతో ఆ జబ్బు మీద పరిశోధనలకి డబ్బు పోగుచేసే సంస్థ పెట్టాడు. దానికోసం బతికున్న ప్రపంచ చాంపియన్లందరి చేతా ఆ హెల్మెట్ మీద సంతకం చేయించాడు. అందులో మైకేల్ షుమాకర్‌ది కూడా ఉంది. పూర్తి పేరు కాదు, ‘ఎంఎస్’ అని రెండక్షరాలు. భార్య కొరీనా సాయం చేస్తే రాశాడని స్టీవర్టే చెప్పాడు.

2013 డిసెంబరులో మంచు కొండల మీద పడి తలకి దెబ్బ తగిలాక షుమాకర్ నుంచి బయటి ప్రపంచానికి అందినవి, నాకు తెలిసి, ఆ రెండక్షరాలే. నేను ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూశాను. గీత ఎక్కడ వణికింది, ఎక్కడ గట్టిగా పడింది, అందులో ఆమె బలం ఎంత, ఆయన బలం ఎంత... ఇలా చూస్తూ చూస్తూ ఒక్కసారిగా సిగ్గేసి ఫోన్ బోర్లా పెట్టేశాను. సరిగ్గా ఇదే చూపుతో నేను ఇంకో మనిషిని చూశాను. ఆయన మా మామయ్య.

మామయ్యది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. లారీ ఇంజిన్లు దించి, బోరు చేయించి, మళ్లీ ఎక్కించడం పని. చదివింది ఏడో తరగతి. టీవీలో ఇంగ్లిష్ కామెంటరీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఇంజిన్ శబ్దం మాత్రం మొత్తం అర్థమయ్యేది. ఐరోపాలో జరిగే రేసులు మనకి ఆదివారం సాయంత్రం ఐదున్నరకి మొదలయ్యేవి. కిరోసిన్‌తో చేతులు తుడుచుకుని, సర్ఫుతో కడుక్కుని ఆయన ఇంటికి వచ్చేసరికి నేను స్టార్ స్పోర్ట్స్ పెట్టి ఉంచేవాడిని. పిట్ స్టాపులో, అంటే రేసు మధ్యలో కారు ఆపినప్పుడు, ఎనిమిది సెకన్లలో నాలుగు చక్రాలూ మార్చి, పెట్రోలు కూడా కొట్టి పంపించేస్తుంటే, "చూశావా అల్లుడూ, మన షెడ్డులో జాకీ ఎక్కడుందో వెతకడానికే అరగంట" అనేవాడు.

షుమాకర్ అంటే ఆయనకి అంత ఇష్టం ఎందుకో నాకు తర్వాత తెలిసింది. షుమాకర్ తండ్రి ఇటుకలు పేర్చే తాపీ మేస్త్రీ. జర్మనీలోని కెర్పెన్ అనే ఊళ్లో కార్టింగ్ ట్రాక్, అంటే చిన్న రేసు బండ్లు తోలే ట్రాక్, చూసుకునేవాడు, తల్లి అక్కడే క్యాంటీన్‌లో పనిచేసేది. కుర్రాడు వేరేవాళ్లు పారేసిన టైర్లు వేసుకుని కార్టులు తోలాడు, మెకానిక్ పని నేర్చుకున్నాడు. ఏడు ప్రపంచ టైటిళ్లు, 91 విజయాలు అన్నీ ఆ తర్వాతి మాట. మామయ్యకి ఆ మొదటి సంగతి తెలిశాక ఇక షుమాకర్ జర్మనీవాడు కాదు, ఆటోనగర్‌వాడు.

2003 ఏప్రిల్ 20 నాకు బాగా గుర్తు. ఇటలీలోని ఇమోలా రేసు. షుమాకర్ తల్లి కొలోన్ ఆస్పత్రిలో చనిపోయి కొన్ని గంటలే అయింది. అన్నదమ్ములిద్దరూ, అంటే మైకేల్, రాల్ఫ్, చేతికి నల్ల పట్టీలతో రేసుకి దిగారు. మైకేల్ గెలిచాడు. పోడియం మీద షాంపేన్ జల్లుకోలేదు. అమ్మ పోయిన రోజు పందెం ఏంటి అని మా అమ్మమ్మ అంటే, మామయ్య టీవీ వైపు నుంచి తల తిప్పకుండానే, "పనికి పోయేవాడి బాధ పనికి పోయేవాడికే తెలుస్తుందిలే అమ్మా" అన్నాడు.

షుమాకర్ మచ్చ లేని మనిషేమీ కాదు. 1997లో హెరెజ్‌లో టైటిల్ కోసం తనతో పోటీపడుతున్న విలెనవ్ కారుని గుద్దినందుకు ఆ ఏడాది చాంపియన్‌షిప్ పట్టికలోంచే ఆయన పేరు తీసేశారు. 2006 మొనాకోలో క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ) చివర్లో మలుపు దగ్గర కారు ఆపేసి వెనకవాళ్లకి అడ్డం పడ్డాడు. ఆ రెండుసార్లూ మామయ్య కోపంతో టీవీ కట్టేశాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మంచాన పడ్డ మనిషిని మనం వెంటనే దేవుణ్ని చేసేస్తాం. ఆయన తప్పులు, మొండితనం, కోపం అన్నీ చెరిపేసి ఒక పటం కడతాం. బతికున్న మనిషికి పటం కట్టడం నాకు నచ్చదు.

2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్ దగ్గర మంచు కొండల మీద స్కీయింగ్ చేస్తూ ఆయన పడిపోయాడు. 14 ఏళ్ల కొడుకు మిక్ పక్కనే ఉన్నాడు. గుర్తులు పెట్టిన రెండు స్కీ దారుల మధ్య, మంచు కింద రాళ్లున్న చోట, కాలికున్న స్కీ పలక ఒక రాయికి తగిలింది. ఎగిరి మూడు మీటర్లకి పైగా దూరంలో ఇంకో రాయి మీద తల కొట్టుకుంది. హెల్మెట్ ఉంది, అయినా అంత దెబ్బ. గంటకి 300 కిలోమీటర్లకి పైగా వేగంతో 19 సీజన్లు కార్లు తోలిన మనిషి ఒక సెలవు రోజు పిల్లాడితో ఆడుకుంటూ పడిపోయాడు. గ్రెనోబుల్ ఆస్పత్రిలో రెండు ఆపరేషన్లు చేశారు. జనవరి 3 ఆయన 45వ పుట్టినరోజు. ఆ రోజు ఆయన ఎక్కువకాలం తోలిన ఫెరారీ జట్టు అభిమానులు ఆస్పత్రి బయట ఎర్ర జెండాలు పట్టుకుని మౌనంగా నిలబడ్డారు. నేను హైదరాబాద్‌లో ఆఫీసు డెస్క్ దగ్గర ఆ ఫొటోలు చూసుకుంటూ కన్నీళ్లు పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో నా పని ఒక్కటే. పొద్దున లేవగానే, మధ్యాహ్నం భోజనం దగ్గర, పడుకునే ముందు వెతకడం. ‘షుమాకర్ కండిషన్’. మేనేజర్ సబీన్ కెమ్ ఏదైనా చెప్పిందా? డాక్టర్లు మీడియా ముందుకి వచ్చారా? ఏప్రిల్ మొదట్లో స్పృహ ఉన్నట్టు అప్పుడప్పుడు కనిపిస్తోందన్నారు. జూన్ 16న గ్రెనోబుల్ నుంచి స్విట్జర్లాండ్‌లోని లొసాన్ ఆస్పత్రికి మార్చారు, ఇక కోమాలో లేడన్నారు. నేను ఆ రోజు కిలో మైసూర్‌పాక్ కొని ఆఫీసులో పంచాను. మామయ్యకి ఫోన్ చేస్తే, "నేను చెప్పలా? మనోడు లేస్తాడు" అన్నాడు.

‘ఇక కోమాలో లేడు’. ఆ మాటలో ఏముందో, ఏం లేదో నాకు తెలియడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

2017 ఆగస్టులో ఒక రాత్రి మామయ్య షెడ్డు నుంచి వస్తుంటే రామవరప్పాడు రింగు దగ్గర బండి స్కిడ్ అయింది. హెల్మెట్ పెట్టుకున్నాడు, క్లిప్పు పెట్టుకోలేదు. పడేటప్పుడు హెల్మెట్ ఒకవైపు, మనిషి ఒకవైపు. నేను తెల్లారేసరికి విజయవాడ చేరాను. అప్పటికే ఆపరేషన్ అయిపోయింది. ఐసీయూ బయట ఆటోనగర్ మొత్తం ఉన్నట్టుంది.

డ్యూటీ డాక్టరు మంచి మనిషి. మేమంతా మెకానిక్కుల తాలూకు అని చూసి, అర్థమయ్యేలా చెప్పాడు. పుర్రె గట్టి డబ్బా, సాగదు. దెబ్బ తగిలిన మెదడు వాస్తే, ఉబ్బడానికి చోటు లేక తనని తానే నొక్కుకుంటుంది, రక్తం అందదు. దెబ్బ వల్ల పోయేది కొంతయితే, ఆ వాపు వల్ల పోయేది ఇంకొంత. ఆ రెండోదాన్ని ఆపడానికే మందులతో నిద్రపుచ్చుతారు. "వేడెక్కిన ఇంజిన్ ఆపేసి చల్లారబెడతారు కదా, అలాంటిదే. కానీ తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుందని మాత్రం అనుకోకండి" అన్నాడు. షుమాకర్‌ని కూడా అలాగే నిద్రపుచ్చారు, ఒళ్లు చల్లబరిచారు, జనవరి చివర్లో మందు తగ్గించడం మొదలుపెట్టారు. అప్పట్లో నేను ఆ వార్తలు క్రికెట్ స్కోరులా చదివాను.

పందొమ్మిదో రోజున మామయ్య కళ్లు తెరిచాడు. మేమంతా ఏడ్చేశాం. అత్తయ్య కనకదుర్గమ్మకి మొక్కిన మొక్కు గుర్తుచేసుకుంది. సినిమాల్లో అయితే అక్కడితో అయిపోతుంది కదా. వేలు కదులుతుంది, కళ్లు తెరుస్తాడు, పెదవి కదిపి పేరు పిలుస్తాడు. మామయ్య కళ్లు తెరిచాడు, అంతే. చూపు ఎక్కడా ఆగలేదు. కళ్లు తెరవడం వేరు, చూడటం వేరు, చూసింది తెలియడం వేరు అని అప్పుడు తెలిసింది. కోమా అంటే ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని పడుకోవడం అనుకుంటాం. నిజానికి ప్రాణం దక్కినవాళ్లలో చాలామంది కొన్ని వారాల్లోనే కళ్లు తెరుస్తారు. ఆ తర్వాత ఎక్కడ ఆగుతారు, ఎంత దూరం వస్తారు అన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. ‘కోమా నుంచి బయటికి వచ్చాడు’ అన్న మాట దారి మొదట్లో ఉండే మైలురాయి మాత్రమే. నేను మైసూర్‌పాక్ పంచింది ఆ మైలురాయి దగ్గర.

ఇంటికి తెచ్చాక మొదలైంది అసలు సంగతి. గొంతుకి గొట్టం, కడుపుకి గొట్టం. రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. వడగట్టిన రాగిజావ, పప్పుకట్టు గొట్టంలో పోయాలి. కఫం లాగే మిషన్ రాత్రంతా చప్పుడు చేస్తూనే ఉంటుంది. ఫిజియోథెరపీకి వచ్చే కుర్రాడికి రోజూ డబ్బులివ్వాలి. ఆపరేషన్‌కి ఏదో ఒక కార్డు పనికొస్తుంది, అప్పు పుడుతుంది, జనం సాయం చేస్తారు. ఏడాది తర్వాత ఫిజియోకి ఎవరూ సాయం చెయ్యరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఆ లెక్క పేపర్లో వస్తుంది. చనిపోకుండా మా మామయ్యలా ఇంటికి వచ్చినవాళ్ల లెక్క మీద ఎవరి కళ్లూ పడవు.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు. బంధువులు, మెకానిక్కులు, లారీ ఓనర్లు, ఎప్పుడో ఇంజిన్ చేయించుకున్నవాళ్లు. అందరూ ప్రేమతోనే వచ్చారు, యాపిల్ పళ్లు తెచ్చారు, ఆయన తినలేడని తెలిసినా తెచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ మంచం మీదికి వంగి అదే ప్రశ్న అడిగారు. "బావా, నేనెవర్ని?" "అన్నా, గుర్తుపట్టావా? నేనెవర్నో చెప్పు." ఆయన కళ్లు కొంచెం తిరిగితే, "అదిగో, గుర్తుపట్టాడు!" తిరగకపోతే ఇంకా గట్టిగా, ఇంకా దగ్గరగా, భుజం పట్టుకుని కుదిపి మళ్లీ అదే. రోజుకి పదిహేనుసార్లు ఆ మనిషికి పరీక్ష పెట్టారు. ఆయన రోజుకి పదిహేనుసార్లు ఫెయిలయ్యాడు. పక్కన నిలబడ్డ అత్తయ్య మొహం నేను చూశాను.

అందరికంటే ఎక్కువసార్లు అడిగింది నేను. "మామయ్యా, నేనెవర్ని? షుమాకర్ ఎవరు, చెప్పు?"

ఆ ప్రశ్న ఆయన కోసం అడిగింది కాదు. ఆయనకి నొప్పిగా ఉందా, దాహంగా ఉందా, వెలుతురు కళ్లలో పడుతోందా అన్నవి ఆయన కోసం అడగాల్సినవి. ‘నేనెవర్ని’ అన్నది నా కోసం. ఆయన మెదడులో నాకు ఇంకా చోటు ఉందా లేదా అని నేను వెతుక్కున్నాను. షుమాకర్ గురించి పన్నెండేళ్లుగా మేం అభిమానులం అడుగుతున్నది కూడా ఇదే అని నా నమ్మకం. ‘ఎలా ఉన్నాడు’ అంటాం, కానీ ఆ మాట వెనక ‘మమ్మల్ని ఎరుగునా’ అని ఉంటుంది. ఆయన గెలుపులు చూస్తూ పెరిగాం కాబట్టి మన చిన్నతనం ఆయన దగ్గర దాచుకున్నట్టు అనిపిస్తుంది. ఆయన లేచి ఒక్క మాట మాట్లాడితే ఆ ఆదివారం సాయంత్రాలు తిరిగొస్తాయి అనిపిస్తుంది. అలా అనిపించడం తప్పని నేను అనను. దాన్ని ఆయన కుటుంబం తీర్చాల్సిన బాకీగా లెక్కగట్టడమే తప్పు.

ఆ బాకీ వసూలుకి ఎంత దూరం వెళ్లారో చూడండి. గ్రెనోబుల్‌లో ఒక విలేకరి పాస్టర్ వేషం వేసుకుని ఆయన గదిలోకి పోబోయాడని సబీన్ కెమ్ చెప్పింది. ఆయన వైద్య రికార్డులు దొంగిలించి పత్రికలకి అమ్మజూపారు. 2015 చివర్లో జర్మన్ పత్రిక ‘బుంటె’ ఆయన నాలుగడుగులు వెయ్యగలుగుతున్నాడని రాసింది. అది అబద్ధమని కుటుంబం కోర్టుకెళ్లింది, పత్రిక 50,000 యూరోలు కట్టాలని హాంబర్గ్ కోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్‌లో ‘డీ ఆక్టుఎలె’ అనే ఇంకో పత్రిక ఆయన నవ్వుతున్న ఫొటో కవరు మీద వేసి, మొదటి ఇంటర్వ్యూ అని అచ్చేసింది. లోపలి మాటలన్నీ ఏఐ చేత రాయించినవి. ఎడిటర్ ఉద్యోగం పోయింది, కుటుంబానికి రెండు లక్షల యూరోల పరిహారం వచ్చింది. ఇంట్లో పనిచేసిన ఒక సెక్యూరిటీ మనిషి చేతి నుంచి వందల ఫొటోలు, వీడియోలు బయటికి పోయాయి, వాటిని అడ్డం పెట్టుకుని కోటిన్నర యూరోలు అడిగారు. 2025 ఫిబ్రవరిలో జర్మనీలోని వుప్పెర్టాల్ కోర్టు ముగ్గురికి శిక్ష వేసింది.

ఆ వార్త చదివినప్పుడు నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఎందుకంటే నేనూ ఒక ఫొటో తీశాను.

ఇంటికి తెచ్చిన ఐదో నెలలో ఒకరోజు మామయ్య మొహంలో నవ్వులాంటిది కనిపించింది. అది నవ్వో, కండరం లాగిందో నాకు తెలియదు. గభాలున ఫోన్ తీసి క్లిక్ మనిపించి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. ‘మామయ్య నవ్వాడు!’ అని. అక్కడి నుంచి అది ఆటోనగర్ గ్రూపులోకి పోయింది, కాలనీ గ్రూపులోకి పోయింది. గొట్టం కనిపిస్తోంది, లుంగీ సరిగ్గా లేదు, నోటి పక్కన చొంగ. షెడ్డుకి వచ్చేవాళ్ల ముందు చొక్కా గుండీ ఒక్కటి ఊడినా లోపలికి వెళ్లి మార్చుకొచ్చే మనిషి ఆయన. రెండు రోజుల తర్వాత అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆయనే లేచి కూర్చుంటే ఆ ఫొటో తియ్యనిచ్చేవాడా?" అని మాత్రం అడిగింది. తిట్టలేదు. నేను గ్రూపులో తీసేశాను, కానీ పోయిన ఫొటో పోయినట్టే కదా.

షుమాకర్ మీద 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో కొరీనా చెప్పిన మాట విన్నప్పుడు నాకు అత్తయ్యే గుర్తొచ్చింది. మైకేల్ ఎప్పుడూ మమ్మల్ని కాపాడాడు, ఇప్పుడు మేం ఆయన్ని కాపాడుతున్నాం అంది ఆమె. ఆయన బాగున్న రోజుల్లోనే ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలనేవాడు, పిల్లల్ని కెమెరాల కంట పడనిచ్చేవాడు కాదు. మిక్ చిన్నప్పుడు కార్టింగ్ పోటీల్లో తల్లి ఇంటిపేరుతో తోలాడు. అంటే ఈ మౌనం ఆపద వచ్చాక కట్టిన గోడ కాదు, ఆయనే ముందు కట్టుకున్నది. నోరు తెరిచి వద్దని చెప్పలేని స్థితిలో ఉన్నాడు కాబట్టి ఆ గోడ తీసెయ్యొచ్చంటే నేను ఒప్పుకోను.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటెయ్యను. ఇంత పేరున్న మనిషి ఉన్నదున్నట్టు కనిపిస్తే, తల దెబ్బ తర్వాతి జీవితం ఎలా ఉంటుందో లోకానికి తెలుస్తుంది కదా? మా మామయ్యని చూసి "ఇంకా లేవలేదా?" అని అడిగేవాళ్లు ఆ ప్రశ్న మానేస్తారు కదా? ఇది నేనే చాలాసార్లు అనుకున్నాను. రాత్రి రెండింటికి కఫం మిషన్ పెట్టే అత్తయ్యకి, ఇలాంటిది ఇంకెవరి ఇంట్లోనో ఉందని చూడటం కొంత ఊరట. కానీ ఆ పాఠం చెప్పే పని ఆయన మంచం మీద ఎందుకు పెట్టాలి? చెప్పడానికి డాక్టర్లున్నారు, మాలాంటి ఇళ్లున్నాయి, ఇష్టపడి ముందుకొచ్చి చెప్పేవాళ్లున్నారు. ఇష్టపడటం అన్నదే ఇక్కడ ముఖ్యం. స్టీవర్ట్ తన భార్య జబ్బు గురించి మాట్లాడుతున్నాడు, అది వాళ్లింటి నిర్ణయం. కొరీనాది ఇంకో నిర్ణయం. ఒకరు తలుపు తీశారని పక్కింటి తలుపు తోసెయ్యలేం.

ఇంకో మాట నన్ను చాలాకాలం తొలిచింది. ‘కీప్ ఫైటింగ్ మైకేల్’. 2014లో మెర్సిడెస్ కార్ల మీదే రాశారు. నేనూ వందసార్లు టైపు చేశాను. ప్రేమతో పుట్టిన మాటే. తర్వాత మామయ్య మంచం దగ్గర అందరూ "పోరాడాలి బావా, నువ్వు గట్టోడివి" అంటుంటే విన్నాను. లేవకపోతే పోరాడనట్టా? దెబ్బతిన్న నరాల తీగలు పట్టుదలతో అతుక్కోవు. మామయ్య కంటే మొండివాడు ఆటోనగర్‌లో లేడు. అందుకని ఇప్పుడు నేను ఆ మాట రాయడం మానేశాను. షుమాకర్ కుటుంబం అదే పేరుతో ఒక సంస్థ నడుపుతోంది, అది వాళ్ల హక్కు, వాళ్లకి ఆ మాటలో బలం దొరికి ఉంటుంది. నాకు దొరకలేదు.

మరి అభిమాని ఏం చెయ్యాలి అంటే, 2020 అక్టోబరు 11 గుర్తొస్తుంది. నూర్బుర్గ్‌రింగ్‌లో బ్రిటిష్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్ 91వ రేసు గెలిచి షుమాకర్ రికార్డుని అందుకున్నాడు. అప్పుడు మిక్ వచ్చి, తండ్రి పాత హెల్మెట్ ఒకటి హామిల్టన్ చేతికిచ్చాడు. ఎర్ర హెల్మెట్. దాన్ని పట్టుకుని హామిల్టన్‌కి మాట తడబడింది. ఆ రోజు ఎవరూ ఆయన ఎలా ఉన్నాడని అడగలేదు, ఆయన ఏం చేశాడో తలుచుకున్నారు. నేను ఆ రేసు మామయ్య గదిలో, టీవీ సౌండు తగ్గించి చూశాను. "మామయ్యా, 91 అయ్యాయి, సమం చేశాడు" అని చెప్పాను. జవాబు కోసం ఆయన మొహం వైపు చూడలేదు. చూడకుండా ఉండటం నాకు అప్పటికి చేతనైంది.

ఇప్పుడు కూడా విజయవాడ వెళ్లిన ఆదివారం రేసుంటే ఆ గదిలోనే చూస్తాను. లోపలికి వెళ్లగానే, "మామయ్యా, నేను, నీ అల్లుణ్ని" అని నేనే చెబుతాను.

ఇది రాసేముందు అత్తయ్యకి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఆలోచించింది. "ఆస్పత్రి సంగతి రాయి. ఆ ఫొటో సంగతీ రాయి, నలుగురికీ తెలియాలి. ఇప్పుడు ఎలా ఉన్నాడన్నది మాత్రం వద్దు నాన్నా" అంది.

సరే అత్తయ్యా అన్నాను.